పెండ్లి ఎక్కడ?



మా సంఘములోని ఒక అమ్మాయి పెండ్లి గోవా సముద్రతీరమున జరగాలని పెండ్లికుమారుని వారు కోరారు. 40 మందికి గదులు, మాకు విమానం టిక్కెట్టు. ఎన్నడూ విమానమెక్కని మేము లోలోపల సంతోషించి ఒప్పుకొన్నాము.

మొదటి ఆదివారము పెండ్లి ప్రకటన చదివాము. ఆరాధన కాగానే అమ్మాయి నాయనమ్మ వచ్చి, “అయ్యగారూ, అభ్యంతరముంటే చెప్పమని మూడు వారాలు మమ్మల్నే అడుగుతారే, పెండ్లికి మాత్రం మేము అక్కరలేదా?” అన్నది. మాకు నోట మాట రాలేదు.

కానా విందులో ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో విందు ప్రధానికి తెలియలేదు. నీళ్లు తోడిన పరిచారకులకే తెలిసినది. అట్టివారినే మేము విడిచిపోబోయాము.

ఆ రాత్రే రెండు కుటుంబాల యెదుట మా తప్పు ఒప్పుకొన్నాము. గదులకిచ్చిన బయానా పోయింది. పెండ్లి మాత్రం మా గుడిలోనే జరిగింది. ముందు వరుసలో నాయనమ్మ కూర్చున్నది.

ప్రియులారా, పెండ్లి స్థలము నిర్ణయించక మునుపు, అక్కడికి రాలేనివారిని లెక్కించండి.