కాకినాడ చేపకూ ఓ కాలముంది!

పిల్లలకు సముద్రం కావాలి. పెద్దలకు ఘాటైన చేపల పులుసు కావాలి. ఇద్దరి కోరికా తీర్చే ఊరు కాకినాడ. వెడల్పాటి రోడ్లు, కోటయ్య కాజా, అరగంటలో ఎటు చూసినా నీళ్లే... నాలుగు రోజుల సెలవుకు ఇంకేం కావాలి? అయితే రైలు టిక్కెట్టు కొనేముందు ఒక్కసారి క్యాలెండర్ చూసుకోవాలి.

సెలవులకు చిక్కు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు తూర్పు తీరంలో మరపడవలు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. బడులకు సెలవులిచ్చేదీ సరిగ్గా అప్పుడే! కంచంలో ఆ రోజుల్లో పడేది చాలావరకు చెరువు చేప, చెరువు రొయ్య, కాదంటే ఐసులో నిల్వ చేసిన సరుకు. సముద్రపు చందువా, వంజరం తాజాగా తినాలన్న కోరిక ఉంటే డిసెంబరు, జనవరి మేలు. ఎండ ఉండదు, ఉక్కపోత తగ్గుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లాలనుకుంటే మాత్రం తుపాను కబుర్లు వింటూ ఉండాలి. పైగా కార్తీకంలో ఇంట్లో సగం మంది నీచు ముట్టరు. వాళ్లకు సుబ్బయ్య గారి హోటల్లో అరిటాకు భోజనం ఉండనే ఉంది.

రేవులో తెల్లవారుజామున

చేపల సందడి చూడాలంటే పొద్దున్నే కుంభాభిషేకం రేవుకు వెళ్లాలి. పడవలు ఒడ్డుకు చేరగానే వేలంపాట మొదలవుతుంది. గంపలు, ఐసు పెట్టెలు, అరుపులు... పిల్లలకు అదో వింత లోకం. కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడాలి, ఎర్రగా ఉండాలి. కన్ను మెరవాలి. వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే సర్దుకోవాలి. ఈ మూడూ ఉంటే ధైర్యంగా కొనొచ్చు.

పులస మాటేమిటి?

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నంతకాలం అది విలసే. వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుంది, రుచీ అప్పుడే వస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో కాకినాడకు దగ్గర్లోని యానాంలో వీటి బేరాలు జోరుగా సాగుతాయి. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన విలసను పులసగా అంటగట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి తెలిసినవారు వెంట ఉంటే మంచిది.

ఇంకో సంగతీ ఉంది. పులస నది ఎక్కేది గుడ్లు పెట్టడానికే. ధవళేశ్వరం బ్యారేజీ దాని దారికి అడ్డం. దాటలేక ఆగిన చేపకు కింద వలలు కాచుకుని ఉంటాయి. జన ఉన్న చేపకే గిరాకీ ఎక్కువ. ఏటికేడు పులస అరుదవుతోందంటే వింతేముంది? ఇంటిల్లిపాదికీ ఒక్క చేపతో సరిపెట్టుకుంటే రుచీ తెలుస్తుంది, నదికీ మేలు.

మడ అడవిలో షికారు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కోరంగి అభయారణ్యం. 1978లో ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల వేళ్లు కనిపిస్తాయి. రొయ్యపిల్లలకు, పీతలకు ఆ వేళ్ల మధ్యే పురిటిల్లు. ఈ అడవి లేకపోతే కాకినాడ పీతల కూర కూడా ఉండదన్నమాట! తుపాను గాలినీ అలనూ విరిచేదీ ఈ చెట్లే. ఒకప్పుడు పెద్ద ఓడరేవుగా వెలిగిన కోరంగిని 1839 నాటి తుపాను తుడిచిపెట్టింది. పడవ షికారు పోటు, పాటులను బట్టి ఉంటుంది కాబట్టి ముందే వేళ కనుక్కుని వెళ్లాలి.

ఉప్పాడలో ఓ పూట

సాయంత్రం ఉప్పాడకు కేటాయించుకోవచ్చు. రెండువైపులా ఒకేలా కనిపించే జాంధానీ చీరను నేతగాళ్ల ఇంట మగ్గం మీదే చూడొచ్చు. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఊళ్లో ఇంకో దృశ్యమూ కనిపిస్తుంది. సముద్రం ఏటా కొంత నేలను మింగేస్తోంది. రోడ్డు కోతకు గురవుతోంది, ఇళ్లు కూలుతున్నాయి. అలలను ఆపేందుకు వేసిన రాళ్ల పక్కనే మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటుంటారు. వాళ్ల దగ్గర గంపెడు చేపలకు పది రూపాయల బేరం ఆడకపోతే పోయేదేం లేదు.

ఎలా వెళ్లాలి?

చెన్నై-హౌరా మార్గంలోని సామర్లకోట జంక్షన్‌లో దిగితే కాకినాడ సుమారు 15 కిలోమీటర్లు. కొన్ని రైళ్లు నేరుగా కాకినాడ టౌన్ దాకా వస్తాయి. విమానంలో వచ్చేవాళ్లు రాజమహేంద్రవరంలో దిగి రోడ్డు మార్గాన రావాలి. మొదటిరోజు ఊరు, రేవు. రెండోరోజు కోరంగి, యానాం. మూడోరోజు ఉప్పాడ, పిఠాపురం, అన్నవరం. నాలుగోరోజు పొద్దున కాజా పొట్లాలు కట్టించుకుని రైలెక్కడమే!