పరిశోధనకు పునాది

తెలుగులో పరిశోధన అంటాము, ఉర్దూలో తహ్‌ఖీఖ్ అంటాము. మొదటి మాటలో శుద్ధి చేయడమనే అర్థము ఇమిడి ఉన్నది. రెండవది సత్యమని అర్థమిచ్చే 'హఖ్' నుండి పుట్టినది. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ రెండు అర్థాలనూ కలిపి చెప్పుకోవచ్చును: మన నమ్మకాలను కడిగి, వాటిలో ఏది సత్యంగా నిలుస్తుందో చూడడమే పరిశోధన.

ఈ సంవత్సరము మేము, కొందరు విద్యార్థులము, ఒక విచారణ తలపెట్టినాము. ఇంటర్మీడియెట్‌లో చేరిన పిల్లలు, ముఖ్యంగా బాలికలు, చదువును మధ్యలో ఎందుకు మానుకుంటున్నారన్నది మా ప్రశ్న. ప్రశ్నావళి వ్రాయకముందే ప్రతివారి వద్దా ఒక జవాబు సిద్ధంగా ఉన్నది. ఒకరు పేదరికమన్నారు, ఒకరు తొందరపాటు పెండ్లిళ్లన్నారు, మరొకరు బోధనా మాధ్యమము మారడమన్నారు. ముందుగా సిద్ధమైన జవాబు పరిశోధనను ఎంత దూరము తీసుకొనిపోగలదో తెలుసుకొనడానికి మేము మన నగర చరిత్రనే చదివినాము.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టినారు. మరుసటి సంవత్సరమే ఆ మందు క్రింద ఒక బాలిక మరణించినది. మరణము ముందు గుండెను తాకుతుందా, ఊపిరిని తాకుతుందా అన్న వివాదము దశాబ్దాల పాటు సాగినది. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని గట్టిగా నమ్మినవారు. ఆయన పూనికతో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలములో, 1888లో ఒకటి, 1889లో మరొకటిగా రెండు సంఘాలు ఇక్కడ విచారణ జరిపినవి. రెండవ దానికి లండనులోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చినారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగినవి. చివరకు లారీ నమ్మినదే నిర్ధారణ అయినది.

శ్రమకు గాని, సంఖ్యకు గాని అక్కడ కొరత లేదు. కొరత ప్రణాళికలోనే ఉన్నది. హెచ్చు మోతాదు ఇచ్చినప్పుడు కలిగే మరణాలపైనే ఆ ప్రయోగాల దృష్టి ప్రధానంగా నిలిచినది. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు వేరొక సంగతిని బయటపెట్టినవి. గాఢమైన మత్తులో కాక, తేలికపాటి మత్తులోనే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని తేలినది. వెదకని చోట ఉన్నది వందల ప్రయోగాలు చేసినా కనబడదు.

హైదరాబాదు పొరుగుననే ఉన్న సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ మరొక త్రోవ చూపినారు. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న ఊహ పాట్రిక్ మాన్సన్ ఆయనకు ఇచ్చినదే. రెండేండ్లు మామూలు దోమలను కోసి చూచినా రాస్‌కు ఫలితము దక్కలేదు. అప్పుడు రెక్కలపై మచ్చలున్న వేరొక జాతి దోమలను పురుగు దశ నుండి సీసాలలో పెంచినారు. అంతకుముందు అవి ఎవరినీ కుట్టలేదన్న నిశ్చయము ఆ విధంగా కలిగినది. పిమ్మట హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చినారు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ కనబడినది. అంతటితో ఆగక, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై ప్రయోగాలు చేసి, దోమకాటు వలన ఆరోగ్యమైన పిచ్చుకలకు వ్యాధి సోకుతుందని చూపినారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. చరిత్రలో రాస్ పేరు పక్కన హుసేన్ ఖాన్ పేరును కూడా గౌరవంతో తలచుకోవాలని మా భావము.

ఈ రెండు కథల నుండి మా విచారణకు నాలుగు నియమాలు ఏర్పరచుకొన్నాము. మొదటిది, ఎవరిని అడగాలన్నది. తరగతిలో కూర్చున్నవారిని అడిగితే చదువు మానినవారి సంగతి తెలియదు. కనుక హాజరు పట్టికలో పేరు కొట్టివేయబడినవారి ఇండ్లకే పోవాలి. రెండవది, పోల్చి చూడడము. మానినవారిలో పేదలు ఎక్కువమంది ఉన్నంత మాత్రాన పేదరికమే కారణమని తీర్మానించరాదు. అంతే పేదవారై ఉండి చదువు కొనసాగించినవారిని కూడా అడగాలి. మూడవది, ఏ జవాబు వస్తే మా ఊహ తప్పని ఒప్పుకుంటామో ముందే కాగితముపై వ్రాసి ఉంచడము. నాలుగవది, జవాబు చెప్పేవారి మర్యాద. వారి సమ్మతి లేనిదే ప్రశ్న అడగరాదు, పేరు వ్రాసుకోరాదు, ఇంట్లో వారు మాట్లాడే భాషలోనే ప్రశ్న ఉండాలి.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపము ఒక్కటే. ఈ విచారణలో కారణాలు ఇండ్లలోనే కాక, మన ఫీజు గడువులలోనూ, బస్సు వేళకు కుదరని తరగతులలోనూ, ఆఖరుకు మా విద్యార్థుల ప్రవర్తనలోనూ కనబడవచ్చును. అటువంటి జవాబు వచ్చినా దానిని బీరువాలో భద్రపరచక, సమావేశములో చదివించవలెనని కోరుతున్నాము. మనకు ప్రియమైన జవాబే వచ్చినట్లయితే, దానిని కూడా ఇంతే కఠినంగా పరీక్షించే బాధ్యత మాది. మధ్యలో నిలిచిపోయిన ఒక్క బాలికయైనా తిరిగి తరగతికి రావాలంటే, ఆమె ఎందుకు నిలిచిపోయినదో మనము ఊహించడము కాక, ఆమెనే అడిగి తెలుసుకొని ఉండాలి.