కారులో ఇరవై నిమిషాలు

మా కోడలు సైకియాట్రిస్టు. ఈ మాట చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు అందరూ ఒకటే అంటారు, "అయితే మీ మనసులో ఏముందో ఇట్టే కనిపెట్టేస్తుందన్నమాట!" అని. నవ్వేసి ఊరుకుంటాను. నా మనసు సంగతి సరే, తన మనసులో ఏముందో నాకు నాలుగు నెలల పాటు తెలియలేదు. ఆ సంగతే ఈరోజు రాస్తున్నాను.

రాత్రి ఎనిమిదింటికి కారు పార్కింగులోకి వస్తుంది. తను పైకి వచ్చేసరికి మాత్రం ఎనిమిదీ ఇరవై. బాల్కనీలోంచి చూస్తే లైట్లు ఆర్పేసి స్టీరింగ్ ముందు అలాగే కూర్చుని ఉంటుంది. పైకొచ్చి నాలుగు ముద్దలు తిని, పిల్లాణ్ణి పడుకోబెట్టి తనూ పడుకుంటుంది. "ఊరందరి కష్టాలూ వింటుంది, అత్తగారు రెండు ముక్కలు మాట్లాడితే మాత్రం ఓపిక ఉండదు" అని మా అబ్బాయి దగ్గర ఒకటికి రెండుసార్లు అన్నాను. వాడు అచ్చం వాళ్ళ నాన్న పోలిక, ఉలకడు పలకడు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజున పేరంటాళ్ళంతా వచ్చేశాక వచ్చింది. గబగబా చీర మార్చుకుని అందరికీ తాంబూలాలు ఇచ్చింది గానీ ముఖంలో ఒక్క నవ్వు లేదు. "కోడలికి ఇవన్నీ ఇష్టం లేనట్టుంది వదినా" అని మా ఆడపడుచు చెవిలో ఊదింది. వాళ్ళు వెళ్ళగానే "పండగపూట ఆ మాడు ముఖం ఏంటమ్మా?" అనేశాను. "సారీ అత్తయ్యా" అని గదిలోకి వెళ్ళిపోయింది. నాకది పొగరులాగే కనిపించింది.

డిసెంబర్లో ఒకరోజు తనే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "అత్తయ్యా, మేం ఐదుగురం రెండు రోజులు అరకులో మౌనంగా ఉందామనుకుంటున్నాం. ఇద్దరు సైకాలజిస్టులు, ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్, నేను. బాబుని వదిలి ఉండలేను. మీరు కూడా వస్తారా?" అంది. మౌనం కోసం అరకు దాకా ఎందుకు, ఇంట్లో చేస్తున్నది అదేగా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సరేనన్నాను.

పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కాం. ఈ లైనులో 58 సొరంగాలున్నాయంటారు. మా మనవడు వేళ్ళ మీద లెక్కపెడుతూ, బొర్రా గుహలు దాటాక లెక్క తప్పి ఏడుపు మొదలెట్టాడు. వాడు నిద్రపోయాక అడిగాను, "అసలు ఈ మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏంటమ్మా?" అని.

"ఎరుక అత్తయ్యా. ఇప్పుడు జరుగుతున్నది ఇప్పుడు గమనించడం, అంతే" అంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్‌జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలో, ఎంతకీ తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ళ కోసం ఒక క్లాసు మొదలుపెట్టారట. దాని మూలం బౌద్ధుల ధ్యానంలోనే ఉంది. మన భీమిలి రోడ్డులో తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు కూర్చుని చేసినదీ అలాంటిదే. పిల్లలకి పిక్నిక్ అని పులిహోర కట్టుకుని ఆ కొండ మీదికి ఎన్నిసార్లు వెళ్ళానో! ఒక్కసారైనా ఈ ఆలోచన రాలేదు.

తను పీజీ అయ్యాక ఏలూరు దగ్గర విజయరాయిలో గోయెంకా గారి పద్ధతిలో పదిరోజుల విపశ్యన చేసిందట. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోను, పుస్తకం, పెన్ను, మాట ఏవీ ఉండవు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. ఫీజు లేదు, కోర్సు పూర్తయ్యాక ఎవరికి తోచింది వాళ్ళు ఇవ్వొచ్చు. "కానీ అందరినీ పంపకూడదు అత్తయ్యా. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి అన్ని రోజుల మౌనం కీడు చెయ్యొచ్చు. చూస్తున్న డాక్టర్ని అడక్కుండా వెళ్ళకూడదు, మందులు మానకూడదు" అని గట్టిగా చెప్పింది. మీకూ అందుకే చెబుతున్నాను.

అరకులో వాళ్ళు ఒక కాటేజీలో, నేనూ పిల్లాడూ పక్క దానిలో. చలికి దుప్పటి కప్పుకుని వరండాలో కూర్చుంటే, ఐదుగురూ మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ, ఏదో పారేసుకున్నవాళ్ళలా నడుస్తున్నారు. వాచ్‌మన్ మెల్లగా వచ్చి, "అమ్మా, ఆళ్ళకేటైనా బాగోలేదా?" అని అడిగాడు. "వాళ్ళు డాక్టర్లు నాయనా" అంటే నమ్మలేదు పాపం.

మర్నాడు పిల్లాణ్ణి కాఫీ తోటకి తీసుకెళ్ళాను. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే. ఒకే కొమ్మకి ఎర్రటి పళ్ళూ పచ్చి కాయలూ కలిసే ఉంటాయి. పండినవే ఏరాలి, మిగతావాటి కోసం మళ్ళీ రావాలి. ఒకావిడ కన్ను మరల్చకుండా ఏరుతోంది. "ఇదే కదా ధ్యానం!" అనిపించి ఆ మాటే పైకి అన్నాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, "నడుం పడిపోతందమ్మా" అంది. సిగ్గేసింది. చూసేవాళ్ళకి ఎదుటివాళ్ళ కష్టం ఎంత అందంగా కనిపిస్తుందో!

ఆ సాయంత్రం మౌనం ముగిసింది. కోడలు వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి, "నా పేషెంట్ ఒకరు లేరు అత్తయ్యా. ఎవరని అడగొద్దు" అంది. "ఎప్పుడమ్మా?" అన్నాను. "వ్రతం రోజు పొద్దున తెలిసింది."

నా నోట మాట రాలేదు. ఆ కబురు గుండెల్లో పెట్టుకునే ఈ పిల్ల మా పేరంటాళ్ళకి తాంబూలాలు ఇచ్చింది. నేను మాడు ముఖం అన్నాను.

"ఒక్క మాట చెప్పకూడదా తల్లీ?" అంటే, పేషెంట్ సంగతులు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందంది. "నాకు బాగోలేదని చెప్పొచ్చు. అదే చెప్పలేకపోయాను. కారులో ఆ ఇరవై నిమిషాలూ ఆ మనిషి మాటలు పైకి మోసుకురాకూడదనే కూర్చుంటాను."

"మరి ఈ రెండు రోజుల్లో తగ్గిందా?" అని అమాయకంగా అడిగాను. "తగ్గదు అత్తయ్యా. 'ఇంకోలా అడిగి ఉంటే బతికేవారేమో' అన్న ఆలోచన వస్తుంది. వచ్చిందని చూస్తాను. కాసేపటికి పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇదివరకు దానితో పాటు నేనూ కొట్టుకుపోయేదాన్ని" అంది. మళ్ళీ తనే నవ్వి, "సోమవారం ఓపీలో క్యూ మాత్రం అంతే ఉంటుంది. దానికి ధ్యానం చాలదు, ఇంకా డాక్టర్లు కావాలి" అంది. మన దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరట.

క్షమించమని అడగడం మా తరం అత్తగార్లకి చేతకాదు. నా దుప్పటి సగం తనకి కప్పాను.

మీ ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే, ముఖం చూసి తీర్పు చెప్పకండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడూ మా కోడలు ఎనిమిదీ ఇరవైకే పైకొస్తుంది. "అమ్మ ఎందుకు రావట్లేదు నానమ్మా?" అని మనవడు అడిగితే, "సొరంగంలో ఉంది, వచ్చేస్తుంది" అంటాను. వాడు బాల్కనీలో నిలబడి వేళ్ళు లెక్కపెడతాడు. నేను పాలు పొయ్యి మీద పెడతాను.