సంతకానికి ముందు గ్రామసభ

యూరప్ రాజకీయాలను దగ్గరగా చూసే ప్రవాస తెలుగువారికి సార్వభౌమత్వం అన్న మాట నిత్యం చెవిన పడుతూనే ఉంటుంది. ఒకరికి రష్యా జోక్యం భయం, ఒకరికి చైనా పెట్టుబడి భయం, ఇంకొకరికి బ్రస్సెల్స్ పెత్తనం మీద కోపం. పరాయివాడు ఎవరన్నదే చర్చంతా. అతన్ని పిలిచిందెవరు, ఎవరిని అడిగి పిలిచారు అన్న ప్రశ్న వెనకబడిపోతోంది. ఆ ప్రశ్నకు నర్సీపట్నం ప్రాంతపు అనుభవం సూటిగా జవాబు చెబుతుందని నా నమ్మకం.

ఈ నేలకు పరాయి పెత్తనం కొత్త కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు సాగుకు అడ్డుపడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఏజెన్సీ రోడ్డు పనిలో కూలీలకు సరైన కూలి ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఇవీ కారణాలే. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు గిరిజన భూమికి రక్షణ ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా 2007లో రాష్ట్ర ప్రభుత్వం రస్ అల్ ఖైమా ఎమిరేటుతో ఒప్పందం చేసుకుంది. తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, బాక్సైట్ వెళ్లేది నర్సీపట్నం దగ్గరి మాకవరపాలెంలోని అన్‌రాక్ కర్మాగారానికి. తీర్పును తప్పించుకునే దారి కనిపెట్టారు గానీ, కొండ మీది ఊళ్ల మాట కనుక్కోలేదు. 2015 నవంబరులో చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకాలకు ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2019లో తవ్వకాల అనుమతులు రద్దయ్యాయి. ఖనిజం అందక కర్మాగారం ఏళ్ల తరబడి పని మొదలుపెట్టలేకపోయింది. రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ భారత్, యూఏఈల మధ్య 2013లో కుదిరిన పెట్టుబడి ఒప్పందాన్ని పట్టుకుని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది.

యూరప్‌లోనూ ఇదే వరస. అణువిద్యుత్తు మానేయాలని 2011లో జర్మనీ నిర్ణయిస్తే, స్వీడన్ ప్రభుత్వ సంస్థ వాటెన్‌ఫాల్ అంతర్జాతీయ ట్రైబ్యునల్‌కెక్కింది. 2021లో ఆ ఒక్క సంస్థకే సుమారు 140 కోట్ల యూరోలు ఇచ్చి రాజీపడాల్సి వచ్చింది. రుమేనియాలోని రోషియా మొంటానాలో కెనడా కంపెనీ బంగారు గనిని 2013లో జనం వీధుల్లోకొచ్చి ఆపారు. కంపెనీ వేసిన దావా 2024లో కొట్టేసేదాకా వందల కోట్ల డాలర్ల భయం ఆ దేశం నెత్తిన వేలాడింది. రెండు చోట్లా ప్రజల నిర్ణయానికి ప్రజలే ఖరీదు కట్టాల్సిన పరిస్థితి.

ప్రభుత్వం మాట నమ్మి డబ్బు పెట్టినవాడి గతి ఏమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నష్టపోయినవాడికి పరిహారం అడిగే హక్కుంది. దానికి దేశంలో కోర్టులున్నాయి. ఊళ్ల సమ్మతి లేని మాట ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉందా అని పెట్టుబడిదారు ముందే చూసుకోవాలి. ఇలాంటి పెట్టుబడి ఒప్పందాలు లేకపోతే పెట్టుబడే రాదని కొందరి వాదన. విదేశీ పెట్టుబడిదారులు నేరుగా మధ్యవర్తిత్వానికి వెళ్లే ఒప్పందాలకు బ్రెజిల్ దూరంగానే ఉంది, అయినా అక్కడికి పెట్టుబడి భారీగా వస్తూనే ఉంది. గ్రామసభల చేతికి నిర్ణయమిస్తే అభివృద్ధి ఆగిపోతుందన్నది మరో అభ్యంతరం. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వేదాంత కంపెనీ బాక్సైట్ గనిని కాదన్నాయి. ఒడిశా అభివృద్ధి ఆగలేదు. ఆ జవాబు డబ్బు ఖర్చు పెట్టకముందే తెలిసి ఉంటే కంపెనీకే మేలు జరిగేది.

అందుకే నేను కోరేది ఒకటి. మన దేశం రాసుకునే ప్రతి పెట్టుబడి ఒప్పందంలో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సమ్మతి లేని ప్రాజెక్టుకు రక్షణ వర్తించదని స్పష్టంగా ఉండాలి. పెట్టుబడిదారు ఏ దేశంవాడైనా, పక్క జిల్లావాడైనా ఇదే షరతు. ఊరి మాటను లెక్కచేయని రాజధాని, బయటి ఒత్తిడి వచ్చినప్పుడు సార్వభౌమత్వం పేరెత్తితే ఆ మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? చింతపల్లి కొండల్లో జనం అడ్డుపడ్డారు కనుకే అడవి మిగిలింది. ఊళ్ల సమ్మతిని సంతకానికి ముందే అడగడం నేర్చుకున్న దేశం ఏ ట్రైబ్యునల్ ముందైనా ధైర్యంగా నిలబడగలదు.