పుచ్చతీగ వేళ్లు

మా పాఠశాల వెనుకనున్న చిన్న తోటలో గత వేసవియందు మేము పుచ్చవిత్తులు నాటితిమి. అంతకుముందు ఆ నేలలోనే వంగ, బెండ పండించియుంటిమి. తీగలు చక్కగా ప్రాకి, పూచి, పిందెలు పట్టెను. నీరు పోయు పని ఏడవ తరగతి బాలున కొకనికి అప్పగించి, పండ్లను పంచుకొను దినమునకై మేము ఎదురుచూచుచుంటిమి.

కొన్నాళ్లకు ఒక వింత కానవచ్చెను. ఉదయమున తేటగానుండు తీగలు మధ్యాహ్నమునకు వాడిపోవుచుండెను. ఆకులు పసుపువన్నె దాల్చెను. పిందెలు నిమ్మకాయంతకు మించి ఎదుగలేదు. నీరు పోయకపోవుటచే నిట్లయ్యెనని మేము ఆ బాలుని నిందించితిమి. “పోసినానన్నా, దినదినమును పోసినాను” అని వాడు కన్నీరు పెట్టుకొనెను. మేము నమ్మక, వానిని తోటపనినుండి తొలగించి, వారము దినములు మేమే కడవలతో నీరు మోసితిమి. తీగలు వాడుట మానలేదు. అప్పటికైనను మాకు బుద్ధి రావలసినది, రాలేదు.

తుదకు మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఒక తీగను వేళ్లతో పెకలించి చూపిరి. వేళ్లనిండ పూసలపేరువలె బొడిపెలు! అది నులిపురుగుల పని యట. దాని పిల్ల మిల్లీమీటరులో సగమైనను ఉండదు. వేరుకొనలో చొచ్చి, ఒకచోట స్థిరపడి, చుట్టునున్న కణములను ఉబ్బజేసి వానినుండి ఆహారము పీల్చును. ఆడుపురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును. బొడిపెలు కట్టిన వేరు నీటిని సరిగా పైకి పంపజాలదు. కావుననే నేల తడిగానున్నను తీగ వాడును. వంగ, బెండ ఈ పురుగునకు ఇష్టమైన పంటలు. అనగా దానిని పెంచి పోషించినవారము మేమే.

“దీనికి మందు లేదా?” అని అడిగితిమి. వారు చెప్పిన సంగతి మాకు మిక్కిలి నచ్చినది. అమెరికాలో మిథైల్ బ్రోమైడు వాయువును నేలకు పట్టించి ఈ పురుగులను చంపెడివారు. అది ఓజోను పొరకు హాని చేయునని, మాంట్రియలు ఒడంబడిక ననుసరించి, కొన్ని మినహాయింపులతో 2005లో దానిని నిలిపివేసిరి. అప్పటికే ఆ దేశపు వ్యవసాయశాఖవారి చార్ల్‌స్టన్ పరిశోధనాలయమున థీస్, లీవై మొదలగు శాస్త్రజ్ఞులు పుచ్చకు చుట్టములైన మొక్కలను పురుగులున్న మట్టిలో పెంచి పరీక్షించుచుండిరి. తీయని పుచ్చలు లొంగిపోయెను. దక్షిణాఫ్రికా ప్రాంతపు సిట్రులస్ అమారస్ అను పుచ్చలో కొన్ని రకముల వేళ్లు మాత్రము తక్కువ బొడిపెలతో నిలిచెను. దాని గుజ్జు గట్టిది, తీపి లేనిది. పచ్చిగా ఎవరును కోరి తినరు.

టమాటాలో ఈ పురుగు నెదిరించు శక్తి ప్రధానముగా ఒక్క జన్యువునందున్నది. దానిని అడవి టమాటానుండి తెచ్చిరి. పుచ్చలో నట్లు గాక, పెక్కు జన్యువులు తలా కొంత తోడ్పడునట్లు కనబడుచున్నది. వాని నన్నింటిని తీయని పుచ్చలోనికి తెచ్చుట సులభము గాదు. అందుచే ఆ మొరటు పుచ్చవేరుపై తీయని తీగను అంటుగట్టు ఉపాయము నవలంబించిరి. సొర, గుమ్మడి వేళ్లపై అంటుగట్టిన తీగ ఎండుతెగులును తట్టుకొనును గాని, ఆ వేళ్లు నులిపురుగునకు లొంగిపోవును.

ఇది విన్న సాయంకాలమే మేమందరము ఆ బాలునియొద్దకు పోయి క్షమింపుమని వేడితిమి. వాడు తల వంచుకొని, “వేళ్లు నాకును కనబడలేదు గదా, అన్నా” అనెను. ఆ మాట మమ్ము తిట్టినదానికంటె ఎక్కువగా బాధించెను. తీగ పైభాగమును మాత్రమే చూచి మేము తీర్పు చెప్పితిమి; వాడు దినదినము దాని మొదటికి నీరు పోసెను.

ఈ యేడు ఆ నేలను వేసవిలో లోతుగా దున్ని ఎండగట్టి, బంతి నాటితిమి. తోట పెత్తనము ఇప్పుడు వానిదే. మేము కడవలు మోయుచున్నాము.