గాజు తలుపు వెనక వంటిల్లు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తుంటే రోడ్డు కొండలతోపాటే ఎక్కి దిగుతుంటుంది. గ్రానైట్ బండల మధ్య వెలిసిన కాలనీలివి. మద్రాసు నుంచి సినిమా తరలివచ్చాక - 1976లో అన్నపూర్ణ, ఆ తరవాత రామానాయుడు స్టూడియో - తారల ఇళ్లూ ఈ చుట్టుపక్కలే లేచాయి. మలుపు తిరిగిన మెట్లు, వాటి ముందు విశాలమైన హాలు... అలాంటి ఇంటిని తెరమీద చూసి మనసు పారేసుకోని వారెవరు!

కానీ సెట్‌లో గోడ తీసేసేది కెమెరా కోసం. అక్కడెవరూ ఎండుమిర్చి పోపు పెట్టరు. గోడల్లేని నిజమైన ఇంట్లో ఆ ఘాటు సోఫా దాకా వచ్చి చుట్టాల్ని దగ్గిస్తుంది. హాల్లో ఏసీ వేస్తే చల్లదనం కాస్తా వంటగది పాలవుతుంది. పోనీ గోడ కడదామా అంటే వెలుతురు పోతుంది. పైగా పొయ్యి దగ్గర అమ్మ ఒంటరిదైపోతుంది.

ఈ చిక్కుకు ఇంటీరియర్ డిజైనర్లు చెప్పే ఉపాయం, నల్లని స్టీలు చట్రంలో బిగించిన గాజు తలుపులు. పాతకాలపు ఫ్యాక్టరీ కిటికీలే వీటికి మూలం. ఉక్కు గట్టిది కాబట్టి చట్రం సన్నగా ఉన్నా గాజును మోస్తుంది. ఘాటు ఇవతలికి రాదు, హోంవర్కు చేసుకునే పిల్లలు అమ్మకు కనిపిస్తూనే ఉంటారు. మిక్సీ మోత మాత్రం తగ్గుతుందేగానీ పోదు!

బరువు సంగతి మరవొద్దు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపులో 8 మి.మీ. గాజే దాదాపు 40 కిలోలు తూగుతుంది. టఫెన్డ్ గాజే వాడాలి. పగిలినా చిన్నచిన్న పలుకులవుతుంది, కత్తుల్లాంటి పెంకులు రావు. అయితే తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు, ఫ్లోరింగ్ పూర్తయ్యాకే కొలతలివ్వాలి. పూజగదికైతే గీతల గాజు నయం... దీపం వెలుగు బయటికొస్తుంది, లోపలి మనిషి స్పష్టంగా కనిపించడు.