ఖాళీ గద్దె

మా చెల్లె కొడుకు వొక రాత్రంతా నడిచాడు. తెల్లారేసరికి మర్రిచెట్టు కింద కూర్చుని దొరికాడు. ఆ సంగతి చెప్పడానికే యిది రాస్తున్నాను. దాచుకుంటే సిగ్గు మాకే మిగుల్తుంది. యిందులో సిగ్గుపడాల్సింది వాడు కాదు. కొంత నేను సిగ్గుపడాలి. యెందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు తెలిసినవాళ్లకు ఆ మర్రిచెట్లు తెలుసు. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ - ఆ దారి పొడుగునా రెండు పక్కలా సుమారు 900 చెట్లు. రోడ్డు వెడల్పు చేసేందుకు కొట్టేస్తారంటే వాటి కోసం హరిత ట్రిబ్యునల్ దాకా పోయి కొట్లాడినవాళ్లున్నారు. మాకైతే ఆ చెట్లు వేరే లెక్క. మా వూర్లో రచ్చబండ మీద మాదిగోళ్లు కూర్చునేది లేదు. నాయిన దొర కూరగాయల బండి వెంబడి పట్నం పోతూ ఆ చెట్ల కిందనే సద్దిమూట విప్పేటోడు. "గీ చెట్టు నీదే కులమని అడగదు బిడ్డా" అనేటోడు. నీడకు కులం లేదని నాకు మొదట చెప్పింది బుద్ధుడు కాదు, మా నాయిన.

పిల్లవాడికి పదహారేండ్లు. పట్నం అంచున వొక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం. తెల్లారక ముందే లేపుతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. వారం వారం పరీక్ష. వచ్చిన మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారు. పేర్లు పైనుంచి కిందికి నోటీసు బోర్డు మీద అంటిస్తారు. చేరినప్పుడు వాడు మూడో సెక్షన్. దసరాకు ఐదు. దీపావళికి ఆఖరి సెక్షన్. అన్నం కాడ లైను కూడా సెక్షన్ల ప్రకారమేనట. పై సెక్షన్ పిల్లలు తిన్నాక వీళ్లు తినాలి.

రాత్రి పదకొండు గంటలకు బావకు ఫోనొచ్చింది. "మీ వాడు కనబడ్తలేడు, ఇంటికొచ్చిండా?" అని. నేనూ బావా బండి మీద బయల్దేరినం. వొక్కో చెట్టు కింద లైటు కొట్టి చూసుకుంటూ పోయినం. గండిపేట, హిమాయత్‌సాగర్ - రెండు చెరువుల నడుమ నేల మాది. ఆ రాత్రి ఆ రెండు చెరువులూ నా కడుపులో మసిలినై. యింతకన్న రాయలేను.

తెల్లారగట్ల చేవెళ్ల యింకో నాలుగు కిలోమీటర్లుందనంగా దొరికిండు. కాళ్లకు చెప్పుల్లేవు. బావ వాణ్ణి పట్టుకుని గుండె పలిగేటట్టు యేడ్చిండు. వాడు యేడ్వలేదు. నా దిక్కు చూసి వొక్కటే మాటన్నాడు.

"మామా, నేను పనికిరానోణ్ణి."

ఆ మాట నాకు కొత్త కాదు. నేను బడికి పోతుంటే మా వూరి పెద్దమనిషి నాయినతో అన్నమాట అదే. "మాదిగోనికి సదువేందిరా, పనికొస్తదా?" అని. హాస్టల్లో పురుగులన్నం తిని చదివి, 1998 డిఎస్సీలో టీచరునయినా, స్టాఫ్‌రూంలో నవ్వుతూ "కోటా సారు" అన్నమాటా అదే. నోరు మారింది, మాట మారలేదు. నాకు ఆ మాట బయటి నుంచి వచ్చింది. మా పిల్లవాడు మాత్రం తనకు తానే చెప్పుకుంటున్నాడు. అదీ నన్ను భయపెట్టింది.

యిప్పుడు నా సిగ్గు సంగతి. వాణ్ణి ఆ కాలేజీలో చేర్పించింది నేనే. చెల్లె వొద్దన్నది. పూలతోటలో కూలికి పోయే మనిషి. "చేవెళ్ల సర్కారు కాలేజీ సాలదా అన్నా?" అని అడిగింది. నేను వినలేదు. మాదిగోని పిల్లగాడు ఐఐటీల సీటు కొట్టిండని వూరు వూరంతా అనుకోవాలని నాకు ఆశ. వాడు సుఖంగా వుండాలని కాదు, నన్ను వెక్కిరించినవాళ్లు తల దించుకోవాలని. ఫీజు కోసం నాయినకు సర్కారిచ్చిన ఎకరం పది గుంటలు తెల్లకాగితం మీద పోయింది. అసైన్డు భూమి అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం చేశారు. చట్టం కాగితం మీద వుంది. భూమి చుట్టూ ప్రహరీగోడ వుంది. యిప్పుడది ఫాంహౌస్. మా బావ అక్కడే వాచ్‌మన్. తన భూమికి తనే కాపలా.

ఆ ఫాంహౌస్ పచ్చికలో వొక బుద్ధుడి తలకాయ వుంది. మనిషంత ఎత్తు. నెత్తి మీది నుంచి నీళ్లు కారుతుంటాయి. మొయినాబాద్ దిక్కు యే రిసార్టు చూసినా, యే తోట బంగళా చూసినా యీ తలకాయ కనబడుతుంది. మొండెం లేదు, నడిచిన కాళ్లు లేవు, భిక్షాపాత్ర పట్టిన చేతులు లేవు. వట్టి తల. బావ రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తాడు. వొకనాడు నన్నడిగాడు:

"గాయినెవరు బావా? సార్లు శనివారం వస్తరు. దాని ముంగట కండ్లు మూసుకొని కూసుంటరు. టెన్షన్ పోతదట."

"ఆయన మనోడే బావా" అన్నాను. బావ నమ్మలేదు. ఆ గోడ లోపల వున్నది మనోళ్లది యెట్లవుతుంది?

పోటీలో గెలిచినవాళ్లకూ సుఖం లేదని ఆ తలకాయ ముందు కూర్చునే సార్లను చూస్తే తెలుస్తుంది. అదే మండలంలో చిలుకూరు బాలాజీ గుడి వుంది. జనం వీసా దేవుడంటారు. మొక్కుకునేందుకు 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108. చేతిలో కార్డు పట్టుకుని లెక్క టిక్కు పెట్టుకుంటూ తిరిగే పిల్లలను చూశాను. ఆ మొఖాల్లో భక్తి కన్న భయమెక్కువ. వాళ్లను వెక్కిరించను. నేనూ వొక రకంగా తిరిగినవాణ్ణే.

అయితే బుద్ధుడు చెప్పిందేమిటి? కోరిక దుఃఖానికి మూలం, కోరిక వదులుకోమన్నాడని అందరూ అంటారు. యీ మాట మనకు చెప్పేవాళ్లను అనుమానించాలి. కడుపునిండా తిన్నవాడు ఆకలి వదులుకోమంటే యెట్లా? మా చెల్లె కోరిక తప్పా? భూమి కావాలనడం, కొడుకు చదవాలనడం తృష్ణా? అంబేద్కర్‌కు యీ ఇబ్బంది తెలుసు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్న ఆయన, చనిపోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకం ముందుమాటలోనే ఆ చిక్కు విప్పాడు. పుట్టుకే దుఃఖం, బతుకే దుఃఖమంటే మనిషికి ఆశ యెక్కడిది? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధనా, తర్వాత భిక్షువులు చేర్చిందా అని నిలదీశాడు. మనిషికి మనిషి చేసే అన్యాయంలో దుఃఖాన్ని చూపించాడు. అట్లా చూస్తే దుఃఖం నా తలలో వుండే జబ్బు కాదు. దానికి చిరునామా వుంది. ప్రహరీగోడ వుంది. నోటీసు బోర్డు వుంది.

కులాన్ని నిచ్చెనమెట్ల అసమానత అన్నాడు అంబేద్కర్. ప్రతివాడి కిందా వొకడుంటాడు కాబట్టి యెవడూ నిచ్చెన మీద తిరగబడడు. ర్యాంకు లిస్టు సరిగ్గా యిదే. ఐదో సెక్షన్ పిల్లవాడు ఆరో సెక్షన్‌ను చూసి వూపిరి పీల్చుకుంటాడు. పక్క మంచం పిల్లవాడు దోస్తు కాదు, అడ్డం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చినప్పుడు మార్కుల లెక్కల్లో తప్పులు బయటపడ్డాయి. తెలంగాణలో యిరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కాగితం తప్పు చెప్పినా పిల్లలు కాగితాన్నే నమ్మారు, తమను తాము నమ్మలేదు. అంతకు ముందు, 2016 జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయాడు. ఆ ఏడు ఏప్రిల్ 14న వాళ్లమ్మ, తమ్ముడు ముంబయిలో బౌద్ధం తీసుకున్నారు. ఆ తల్లి తోటలో పెట్టుకునే తలకాయ కోసం పోలేదు. తన బిడ్డను మనిషిగా లెక్కగట్టే చోటు కోసం పోయింది.

కానీ దుఃఖమంతా బయటే వుందంటే నేను తప్పించుకున్నట్టే. బౌద్ధంలో 'మానం' అని వొక మాట వుంది. నేను నీకన్న ఎక్కువ అనుకోవడం మానమే. నీకన్న తక్కువ అనుకోవడం కూడా మానమే. ఆఖరికి నీతో సమానమని కొలుచుకోవడం కూడా. కొలబద్ద చేతిలో వున్నంత సేపూ బాధ వదలదు. యిది చదివినప్పుడు నాకు నోటీసు బోర్డు గుర్తుకు రాలేదు. నేను గుర్తుకొచ్చాను. కొలబద్ద తయారు చేసింది వాళ్లు. దాన్ని తెచ్చి మేనల్లుడి వీపు మీద పెట్టింది నేను.

పిల్లవాణ్ణి మొదట సర్కారు దవాఖానలో డాక్టరుకు చూపించాను. యిది గట్టిగా చెప్పాలి. బుద్ధుడు వున్నాడు కదా, డాక్టరెందుకు అనకండి. నిద్ర పట్టాక, అన్నం తినడం మొదలయ్యాక, వొక ఆదివారం బండి మీద తిప్పుకొచ్చాను. చేవెళ్లలోనూ, మొయినాబాద్ మండలం ఎన్కెపల్లిలోనూ పాత రాతి స్తంభాలున్నాయి. విష్ణుకుండినుల కాలం నాటి బౌద్ధ స్తంభాలని పురావస్తు పరిశోధకులు గుర్తించారు. మూసీ వొడ్డున చైతన్యపురి గుండు మీద గోవిందరాజ విహారం పేరుతో ప్రాకృత శాసనం వుంది. అంటే పదిహేను వందల ఏండ్ల కింద మా నేల మీద కూడా భిక్షువులు నడిచారన్నమాట.

రాతి మీద సగం పద్మం చెక్కి వుంది. వాడు వేలుతో తడిమాడు.

"సగమే చెక్కిండ్రేంది మామా? పూర్తి చెయ్యలేదా?"

"పూర్తి చేసిందేరా. దాని రూపమే అది."

వాడేం మాట్లాడలేదు. చాలా సేపు దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు మర్రి కింద ఆగి కథలు చెప్పాను. బుద్ధుడు జ్ఞానోదయమయ్యాక గొర్లకాపర్లు కూర్చునే మర్రిచెట్టు కింద వుంటే, వొక బ్రాహ్మడు వచ్చి బ్రాహ్మణుడంటే యెవడని అడిగాడు. పుట్టుక సంగతి యెత్తకుండా నడత సంగతి చెప్పాడు బుద్ధుడు. శాక్య రాకుమారులు సంఘంలో చేరేటప్పుడు తమ మంగలి ఉపాలికి ముందు దీక్ష యిమ్మన్నారు. ముందు చేరినవాడికి తర్వాతివాళ్లు మొక్కాలి. తమ పొగరు అణగాలని వాళ్లే అడిగి మంగలికి మొక్కారు. యింకో కథకు వాడు తలెత్తి చూశాడు. వొక భిక్షువు రక్త విరేచనాలతో తన మలంలోనే పడి వున్నాడు. యెవరూ చూడ్డం లేదు. యెందుకంటే తాను యెవరికీ పనికిరానని ఆయనే చెప్పాడు. బుద్ధుడూ ఆనందుడూ నీళ్లు తెచ్చి ఆయన వొళ్లు కడిగారు. తల్లీతండ్రినీ వదిలి వచ్చిన మీరు వొకర్నొకరు చూసుకోకపోతే యింకెవరు చూస్తారని బుద్ధుడు సంఘాన్ని కోప్పడ్డాడు.

"పనికిరానోణ్ణి గూడ కడిగిండా?" అన్నాడు వాడు. అప్పుడు యేడ్చాడు.

యిక మా వాడ సంగతి. యేటా అంబేద్కర్ జయంతికి మేం పెట్టేది యేమిటి? ముగ్గుల పోటీ, పాటల పోటీ, వ్యాసరచన పోటీ. ఫస్టు, సెకండు, థర్డు. నిచ్చెన విరగ్గొట్టినవాడి పుట్టినరోజున నిచ్చెనలు కడుతున్నాం! యీసారి పోటీలొద్దన్నాను. యువజన సంఘం పిల్లలు లొల్లి చేశారు. "ప్రైజు లేకుంటే ఎవలొస్తరు సార్?" అన్నారు. నిజమే, మొదటి రోజు ఏడుగురే వచ్చారు. కమ్యూనిటీ హాలు గోడకు సున్నమేసి బొమ్మ మొదలుపెట్టాం. అమరావతి శిల్పుల పద్ధతి చెప్పాను. వాళ్లు చాలా చోట్ల బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. చెట్టు, ఖాళీ గద్దె, పాదాల గుర్తులు - అంతే. చుట్టూ జనం మొక్కుతుంటారు, గద్దె మీద యెవరూ వుండరు. పై మెట్టు ఖాళీగా వున్న లోకం యెట్లుంటుందో ఆ రాళ్లలో చూడొచ్చు.

మా గోడ మీద మర్రిచెట్టు గీశాం. కింద ఖాళీ గద్దె. నాలుగో రోజుకు వాడంతా వచ్చింది. పిల్లలు కాళ్లకు రంగు పూసుకుని గోడకానించి పాదాలు అద్దారు. మా చెల్లె కూడా అద్దింది. పూలతోట మడుల్లో పగిలిన పాదం అది. యెవరి పాదం బాగుందని యెవరూ అడగలేదు. బావ దూరంగా నిలబడి చూసి, "గీయిన మనోడే బావా" అన్నాడు.

వాడిప్పుడు చేవెళ్ల సర్కారు కాలేజీకి బస్సులో పోయొస్తున్నాడు. అంతా బాగైందని చెప్పను. కొన్ని రాత్రులు లేచి కూర్చుంటాడు. భూమి తిరిగి రాలేదు. ఆ కేసు వెయ్యాలి, వేస్తాం. గోడ మీద బొమ్మ భూమికి బదులు కాదు. కానీ కొట్లాడాలంటే మనిషి ముందు బతికి వుండాలి, పక్కవాణ్ణి నమ్మాలి.

హాస్టళ్లలో వుండి యిది చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వొక్కమాట. మీ గదిలో పక్క మంచం మీద యెవరున్నారో యీ రాత్రి వొకసారి చూడండి. వాడు తిన్నాడా, పడుకున్నాడా అడగండి. మార్కులు అడక్కండి.